కుట్టు వెంబడి కోత

వాపసు వచ్చిన బ్యాగులో చెయ్యి పెట్టే ముందు టైలరక్క ఒక్క క్షణం ఆగేది. వాసనకి జంకి కాదు, ఆమె ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. లోపల వేళ్లకి ఏం తగులుతుందోనని. సగం కొరికి వదిలేసిన చాక్లెట్టు కరిగి అస్తరుకి అంటుకుపోయి ఉంటుంది. ఉండచుట్టి కుక్కిన ఈత బట్టలు బూజు పట్టి బంకలా జారుతుంటాయి. ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టు చేతికొచ్చింది. ఇంకోసారి చంటిబిడ్డకు వాడిన డైపరు, అదీ చక్కగా మడిచి, ముందు అరలో పెట్టి, జిప్పు వేసి మరీ.

కొన్నవాళ్లు ఆ బ్యాగు తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు, ఇసుకలో దొర్లిస్తారు, ఫొటోలు దిగుతారు. ఇంటికొచ్చాక, "రంగు బొమ్మలో ఉన్నట్టు లేదు" అని ఒక ముక్క రాసి వెనక్కి పంపేస్తారు. కంపెనీ కిక్కురుమనకుండా డబ్బు తిరిగిచ్చేస్తుంది. అలా వెనక్కొచ్చిన బ్యాగులన్నీ లారీలెక్కి ఈ గోదాముకి చేరతాయి.

"రంగు బాగాలేదట మహారాణికి," అనేది ఎదురుగా కూర్చునే వదిన, జిడ్డోడుతున్న బ్యాగుని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని. "ఇంత మురికి పూశాక ఇంక రంగెక్కడ కనపడుతుంది తల్లీ నీకు? అదీకాక కళ్లజోడు ఇందులోనే పారేసుకున్నావాయె!" అంటూ లోపల్నుంచి నిజంగానే ఒక కళ్లజోడు తీసి అందరికీ చూపించేది.

వదిన అంటే టైలరక్కకి వరసకి వదినేం కాదు. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లందరికీ ఆమె వదినే. టైలరక్కకి ఆ పేరు పెట్టిందీ ఆమే.

పని చెప్పుకోడానికి చిన్నది. బ్యాగు తెరవాలి, లోపల ఉన్నవన్నీ తీసి చెత్తడబ్బాలో వెయ్యాలి, ఆ తర్వాత కట్టరు పెట్టి బ్యాగుని కోసెయ్యాలి. మళ్లీ ఎవరికీ పనికిరాకుండా కోసెయ్యాలి. అందుకే ఆ బల్లకి "పాడు బల్ల" అని పేరు. మురికి పట్టినవే కాదు, ప్యాకింగు విప్పనివి, ధర చీటీ తీయనివి, కొత్త వాసన పోనివి కూడా పాడు బల్ల మీదికే వచ్చేవి. వాటిని తుడిచి, సర్ది, మళ్లీ అమ్మే తిప్పల కన్నా కోసి పారెయ్యడమే చవకట. పోనీ తక్కువకి ఎవరికైనా ఇచ్చేద్దామా అంటే, బ్రాండు పేరు పల్చబడిపోతుందట.

మురికివాటిని కోసేటప్పుడు టైలరక్కకి పెద్దగా ఏమీ అనిపించేది కాదు. కొత్తవాటి దగ్గరే మనసొప్పేది కాదు. జిప్పు ఒక్కసారి కూడా లాగని బ్యాగు, ఆకారం పోకుండా లోపల కాగితం ఉండలు కుక్కిన బ్యాగు, కోయగానే ఆ కాగితాలు బయటికి పొర్లిపడేవి. అది చూడలేక చూపు తిప్పుకునేది. డైపరు తగిలితే చేతులు కడుక్కుంటే పోయింది. దీన్ని ఏ సబ్బుతో కడుక్కోవాలో ఆమెకి తెలిసేది కాదు.

అదీగాక ఆ చోటు ఆమెకి కొత్త కాదు. గోదాము కాకముందు అక్కడ ఇవే బ్యాగులు కుట్టేవాళ్లు. కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను ఉండేది. మిషను కాళ్లు బిగించిన బోల్టుల గుంతలు సిమెంటు నేల మీద ఇంకా అలాగే ఉన్నాయి. కుట్టు ఆమె నేర్చుకుంది మేనమామ దగ్గర. ఆయన లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాడు. చెయ్యి మంచిదే కానీ నోరు మాత్రం మహా చెడ్డది. మేనకోడలు కుట్టు వంకర పోయినప్పుడు విసుగొచ్చి గుడ్డని కత్తెరతో కోసేసిందని ఓసారి వేళ్ల మీద ఇనప స్కేలుతో ఒక్కటిచ్చాడు. "వంకర పోయింది నీ కుట్టే మొద్దూ, గుడ్డేం చేసింది నిన్ను? విప్పాలంటే కుట్టు విప్పు. గుడ్డ జోలికి పోయావో, ఈ స్కేలు ఇటు నుంచి అటు విరుగుతుంది." ఆ దెబ్బ తర్వాత ఆమె కత్తెర ఎప్పుడూ గుడ్డ మీద అడ్డంగా నడవలేదు. తప్పు పోతే కుట్టు దారి పట్టి వెళ్లడం, పోగు పోగుగా విడదీయడం, మళ్లీ కుట్టడం, ఇదే అలవాటైపోయింది.

ఆమె చేరిన రోజుల్లో పిడి బ్యాగుకి అతికే చోట చదరంగా ఒక చుట్టు కుట్టి, దాని మీద అడ్డగీతలు రెండు కొట్టి, మళ్లీ ఇంకో చుట్టు వచ్చేవాళ్లు. ఆ పిడి పట్టుకుని మనిషి వేలాడినా ఊడేది కాదు. పందెం వేసి వేలాడినవాళ్లూ ఉన్నారు. కొన్నాళ్లకి రెండో చుట్టు అక్కర్లేదన్నారు. తర్వాత అడ్డగీతలు తీసెయ్యమన్నారు. దారం సన్నబడింది. ఇత్తడి జిప్పు పోయి ప్లాస్టిక్ జిప్పు వచ్చింది. కుట్టు దగ్గర దగ్గరగా వేస్తే, "అంత చిక్కగా ఎందుకమ్మా, కాస్త దూరం దూరంగా పోనివ్వు. ఇదే ఊడకుండా ఉంటే ఇంకోటెప్పుడు కొంటారు?" అన్నాడు అప్పటి మేనేజరు. సరదాకే అన్నాడు, అందరూ నవ్వారు. టైలరక్కకి మాత్రం అన్నంలో వెంట్రుక వచ్చినట్టయింది. మొత్తానికి కుట్టుపనే ఇక్కడ గిట్టుబాటు కాదని ఎక్కడికో తరలించేశారు. మిషన్లన్నీ తుక్కు కింద లారీకెత్తారు. ఉండేవాళ్లు ఉండొచ్చు, కోత పని ఉంది అన్నారు. లారీ నడిపే మొగుడు అప్పటికే నడుము పట్టేసి ఇంట్లో కూలబడి ఉన్నాడు. ఆమె ఉండిపోయింది.

పాడు బల్ల దగ్గర ఒక్కొక్కరి కోత ఒక్కోలా ఉండేది. వదిన బ్యాగుని వెల్లకిలా పడేసి, ఎవరిమీదో పాత పగ ఉన్నట్టు గట్టిగా ఒక్క పోటు పొడిచి కిందికి లాగేది. "ఇది మా అత్తగారికి," అనేది. మర్నాడు, "ఇది ఇంటి ఓనరుకి." చివర కూర్చునే ముభావమైన మనిషి రెండు మూడు చోట్ల భయం భయంగా గాట్లు పెట్టేది. టైలరక్క చేతిలో మాత్రం కట్టరు తనంతట తాను కుట్టు దగ్గరికి వెళ్లిపోయేది. మూలలో మొన దూర్చి, దారం మీదుగా సర్రున లాగితే బ్యాగు పెట్టె విప్పినట్టు విచ్చుకునేది. అడుగు వేరు, పక్కలు వేరు, పిడి వేరు. గుడ్డ మీద గీత కూడా పడేది కాదు. అది కోయడం కాదనీ విప్పడమనీ ఆమెకి తోచనే లేదు. చూసేవాళ్లకీ తోచలేదు, ముక్కలు ముక్కలుగా పడి ఉండేవి కాబట్టి. పైగా అందరి కన్నా ఆమెదే చురుకైన చెయ్యి. గోదాము గోడ మీద "ఈ నెల మేటి చెయ్యి" అని ఆమె ఫొటో పెట్టారు.

"పాడు చెయ్యడంలో నిన్ను మించినవాళ్లు లేరని గోడెక్కించార్రోయ్," అంది వదిన.

"దింపించెయ్ వదినా ఆ దరిద్రం. నా మొహం చూస్తే నాకే వాంతొస్తోంది."

"ఉండనీ. మనకి గోడెక్కే అదృష్టం మళ్లీ పోయాకే."

ఇక ఇంటి సంగతి. ఆమె మొగుడికి ఆఫర్ల పిచ్చి. నడుము పట్టేసింది కానీ కాళ్లు బాగానే ఉన్నాయి. రోజంతా బజార్లో తిరిగి ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. గాలికి వెనక్కి తిరిగిపోయే గొడుగు, అడుగు ఊడే చెప్పులు, నీళ్లు మరగకముందే తనే కరిగిపోయే పిడి ఉన్న కెటిలు. "ఒకటి కొంటే ఇంకోటి ఊరికే ఇచ్చాడే!" అనేవాడు గుమ్మంలోంచే.

"ఇవ్వడూ మరి? మొదటిది సాయంత్రానికి పోతుందని వాడికి తెలుసు," అనేది ఆమె. మంచం కింద చచ్చిన వస్తువులన్నీ పోగుపడి ఉండేవి. ఆయన వాటిని పారెయ్యనిచ్చేవాడు కాదు, బాగుచేస్తాననేవాడు. బాగుచేద్దామంటే ఒక్కదానికీ స్క్రూ ఉండేది కాదు, విప్పే మూత ఉండేది కాదు. అన్నీ అతికించి పంపినవే. లోపల ఏం పోయిందో చూడాలంటే బద్దలు కొట్టాల్సిందే. ఊడ్చేటప్పుడు ఆ పోగు మీదికి చీపురు వెళ్తే టైలరక్కకి ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. పగలు గోదాములో చెత్త, ఇంటికొస్తే మంచం కింద చెత్త.

ఒకరోజు ఆయన ఒక బ్యాగు తెచ్చాడు. పెద్ద బ్రాండు. ఫుట్‌పాత్ మీద గుట్టపోసి అమ్ముతున్నారట.

"ఈసారి ఏమంటావో అను చూద్దాం," అన్నాడు ఛాతీ విరుచుకుని. "లాగి చూడు. వేలాడు కావాలంటే. నడుము బాగుంటే నేనే వేలాడి చూపిద్దును."

ఆమె లాగింది. ఊడలేదు. అలవాటు కొద్దీ లోపలిది బయటికి తిరగేసింది. కుట్టు పొడుగునా చిన్న చిన్న రంధ్రాలు రెండు వరసలున్నాయి. ఒక వరస పాతది, దారం లేకుండా ఉత్తినే ఉంది. దాని పక్కనే కొత్త కుట్టు, లావుపాటి దారంతో, దగ్గర దగ్గరగా, చిక్కగా. గుడ్డ మీద మాత్రం ఒక్క గాటు లేదు. మూలలో కట్టరు మొన దూర్చిన చోట చిన్న నొక్కు. ఆ నొక్కు మీద ఆమె బొటనవేలు ఆగిపోయింది. అది ఆమె పెట్టిందే. ఎడమ మూలలో మొదలుపెట్టేది ఆ బల్ల మీద ఆమె ఒక్కతే.

"ఏంటలా బిగుసుకుపోయావు? ఇందులో కూడా తప్పు దొరికిందా?"

"దొరకలేదండీ. అదే నాకు భయంగా ఉంది."

పాడు బల్ల మీద కోసిన ముక్కల్ని తుక్కాయన లారీలో పట్టుకెళ్లేవాడు. చితక్కొట్టి పరుపుల్లో కూరుస్తానని కంపెనీకి మాటిచ్చాడట. చితక్కొట్టడం మానేసి, టైలరక్క ముక్కల్ని ఏరి, ఎక్కడో కుట్టించి, ఫుట్‌పాత్‌కి తోలుతున్నాడన్నమాట. కుట్టినవాళ్లెవరో కానీ కంపెనీ కుట్టు కన్నా గట్టిగా కుట్టారు.

మర్నాడు టీ తాగేటప్పుడు సంగతి వదిన చెవిలో వేసింది. వదినకి పొరబోయి టీ ముక్కులోంచి వచ్చింది.

"అయితే మనం చంపుతుంటే వాడు బతికిస్తున్నాడా! ఓసి నీ చెయ్యి బంగారం కానూ! మరి నా కోతవి?"

"నీ కోతవి ఎలా బతుకుతాయి వదినా, మీ అత్తగారి పేరు చెప్పి పొడిస్తే."

ఆ రోజు నుంచి దార్లో వెళ్లేవాళ్ల భుజాల వైపు చూడటం ఆమెకి అలవాటైంది. బస్సులో ఎవరి ఒడిలోనైనా ఆ బ్యాగు కనిపిస్తే అడుగు కుట్టు వంక చూసేది. చాలాకాలానికి నోట్లో చేదు కాస్త తగ్గింది. అప్పటిదాకా తెలియక చేసింది, ఇప్పుడు తెలిసి చేసేది. తేడా చేతికి లేదు, గుండెకుంది, సూపర్‌వైజరు బల్ల వైపు వస్తే దడదడలాడేది. ఇంకో విషయం కూడా జరిగింది. వదిన పొడవడం మానేసి, నాలుక కొరుక్కుంటూ, మూలలో మొన దూర్చడం మొదలుపెట్టింది. ఆమెని చూసి పక్కామె, పక్కామెని చూసి చివర ముభావమైన మనిషి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లు పాడు బల్ల మీద బ్యాగులన్నీ పెట్టెల్లా విచ్చుకున్నాయి.

అదే కొంప ముంచింది. టైలరక్క ఒక్కతి విప్పినన్నాళ్లూ ఫుట్‌పాత్ మీద ఏదో నాలుగు కనిపించేవి. బల్లంతా విప్పేసరికి వీధివీధికీ గుట్టలు లేచాయి. అవి పై ఆఫీసు కంట్లో పడ్డాయి.

సూపర్‌వైజరు ఒకప్పుడు టైలరక్క మిషను పక్కన నిలబడి దారం కొసలు కత్తిరించినవాడే. పదిమందిలో ఆమె అతన్ని సార్ అనేది, విడిగా ఒరేయ్ అనేది. ఆ రోజు లారీలు ఆగే వైపు మెట్ల దగ్గరికి పిలిచి, చేతిలో ఉన్న ఫుట్‌పాత్ బ్యాగు ఆమె ఒళ్లో పడేశాడు.

"అక్కా, ఈ కోత ఎవరిదో నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే మరి ఇన్నాళ్లూ నా ఫొటో ఎందుకు పెట్టావురా?"

"అప్పుడు తెలీదు. వేగం చూశాను, ఇంకేం చూళ్లేదు. నిన్న దీన్ని తిరగేస్తే తెలిసింది." తల గోక్కున్నాడు. "తుక్కాయనతో నీకేమన్నా లావాదేవీ ఉందా?"

"నీ కళ్లకి నేనలా కనిపిస్తున్నానా?"

"నాకు కనిపించక్కర్లేదు, పై ఆఫీసు మేడమ్‌కి కనిపిస్తే చాలు. రేపు వస్తోంది. కుట్టు మీద ఒక్క కోత కనపడిందా, బల్ల మొత్తం ఎత్తేస్తారు. నలిపే మిషను పెడదామని ఎప్పట్నుంచో ఉంది వాళ్లకి. వదిన ఏం చేస్తుంది, పక్కామె ఏం చేస్తుంది? మీ ఆయన మందులు?" అతను గొంతు తగ్గించాడు. "కుట్టు ముట్టుకోవద్దు. గుడ్డ మీద, అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి. అందరూ అలాగే కోయాలి. నువ్వే నేర్పాలి."

"నేనా?"

"నీ చెయ్యి చూసే కదా నేర్చుకున్నారు."

ఆమె లేచి నిలబడింది. అతని మొహం మీద ఉమ్మెయ్యాలన్నంత కోపం వచ్చింది. కానీ అతని మొహంలో ఏమీ లేదు, పాపం, నిద్ర లేదు అంతే. ఉమ్మడానికి ఇంకో మొహం కనిపించలేదు.

మధ్యాహ్నమంతా నేర్పింది. ఒకప్పుడు అదే చోట, సూదిలో దారం ఎక్కించడం నేర్పినట్టే, పక్కన నిలబడి, చేతి మీద చెయ్యి వేసి. "ఇక్కడ కాదు, మధ్యలో పెట్టు. నొక్కు. ఆగకు, అటుదాకా లాగు." గుడ్డ చిరిగే చప్పుడు కుట్టు విడే చప్పుడు లాంటిది కాదు. కుట్టు విడితే టపటపమంటుంది. గుడ్డ చిరిగితే ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి పీల్చుకున్నట్టుంటుంది. నాలుగో బ్యాగు దగ్గర ముభావమైన మనిషి నోరు విప్పింది.

"అక్కా, కొత్తదిది. చీటీ కూడా తియ్యలేదు."

"తెలుసు. లాగు."

మేడమ్ వచ్చింది. మంచి మనిషే, మెత్తగా మాట్లాడింది. అందర్నీ బాగున్నారా అని అడిగింది. వెలుగుతున్న దీపాలు చూసి కరెంటు వృథా చెయ్యకండి అంది. అందరూ అడ్డంగా కోశారు. టైలరక్క అందరి కన్నా ముందు కోసింది. కట్టరు ఒకసారి మూల వైపు జారబోతే రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మధ్యకి లాక్కొచ్చింది. మేడమ్ ఆ ముక్కని ఎత్తి, కిటికీ వెలుతురులో చూసి, "ఇది సరిగ్గా ఉంది," అంది తృప్తిగా.

తర్వాత సంచీలోంచి కొత్త రకం బ్యాగు తీసి బల్ల మీద పెట్టింది. వచ్చే విడత ఇవే వస్తాయట. మీద ఆకుపచ్చ చీటీ, దాని మీద ఒక మొలక బొమ్మ, "భూమికి మేలు చేసే బ్యాగు" అని రాత. టైలరక్క దాన్ని తిరగేసింది. లోపల కుట్టు లేదు. ఎక్కడా దారం లేదు. రేకుల్లాంటి ముక్కల్ని వేడి పెట్టి అతికించేశారు. మొహం మీద నోరు ఎక్కడుందో వెతుక్కున్నట్టు ఆమె అంచులన్నీ తడిమింది.

"ఇది తెగితే ఎలా కుడతారండీ?" అని అడిగింది.

"కుట్టరు," అంది మేడమ్ నవ్వుతూ. "అదే దీని గొప్ప. ఒకసారి విడిపోతే మళ్లీ అతకదు. మీకు పనీ తేలిక, మాకు ఫుట్‌పాత్ బెడదా ఉండదు."

"మరి భూమికి మేలు?"

"చీటీ రీసైకిల్ కాగితంతో చేసింది," అంది మేడమ్. ఆమె వేళాకోళానికి అనలేదు, నిజంగానే సంతోషంగా చెప్పింది. ఆ సంతోషం చూస్తే టైలరక్కకి, బూజు పట్టిన ఈత బట్టలు మొదటిసారి చేతికి చుట్టుకున్నప్పటిలా, మెడ వెనకాల వెంట్రుకలు లేచాయి.

బల్ల నిలబడింది. ఎవరి పనీ పోలేదు. తుక్కాయన్ని మార్చారు. ఆ తర్వాత వారాల తరబడి అడ్డంగా కోశారు. మొదట్లో ఆమె మణికట్టు పట్టుకోవలసి వచ్చేది. తర్వాత అక్కర్లేకపోయింది. తర్వాత ఆలోచించకుండానే కట్టరు మధ్యకి వెళ్లేది. మళ్లీ ఆమే అందరి కన్నా చురుకు. సూపర్‌వైజరు ఇంకో ఫొటో తీద్దామంటే, "తీస్తే ఆ కెమెరాని కూడా అడ్డంగా కోస్తాను సార్," అంది.

అప్పుడే కూతురు వచ్చింది. అదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం ఆ పిల్లకి. ఉద్యోగంలో చేరిన రోజు కోసం తల్లి ఒక కోటు కుట్టిచ్చింది. మందపాటి ఊదారంగు గుడ్డ. ముందు ముందు ఒళ్లు చేస్తే వదులు చేసుకోడానికి పక్కల లోపల బోలెడు గుడ్డ మడిచి వదిలింది. ఇప్పుడు పిల్ల కాస్త ఒళ్లు చేసింది. కోటు చంకల కింద పట్టేస్తోంది.

"విప్పి కాస్త వదులు చెయ్యవే అమ్మా. కొత్తది కొందామంటే అన్నీ పేపర్లలా ఉన్నాయి. అందరూ ఇదెక్కడ కొన్నావని అడుగుతున్నారు."

"మా అమ్మ కుట్టిందని చెప్పకపోయావా?"

"చెప్పా. నమ్మలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. టైలరక్క కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్లో కోటు తిరగేసుకుంది. చాలా రోజుల తర్వాత తన కుట్టు తను చూసుకుంది, చిక్కగా, తిన్నగా. వంటింట్లోంచి కూతురు ఆసుపత్రి కబుర్లు చెబుతోంది, ఎవరో పేషెంటు తన చీటీ బదులు కరెంటు బిల్లు ఇచ్చాడట. ఆమె ఊ కొడుతూ కత్తెర అందుకుంది. పళ్ల సందుల్లోంచి గాలి పీల్చిన చప్పుడయింది.

కూతురు వంటింట్లోంచి తొంగి చూసింది. టైలరక్క ఒళ్లోకి చూసుకుంది. పక్క కుట్టు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. దానికి జానెడు అవతల, సరిగ్గా మధ్యలో, కోటు అడ్డంగా తెగి ఉంది.

మొగుడు మంచం మీద నుంచి తల ఎత్తి చూసి, "పోనీలేవే, బజార్లో కోట్లకి ఆఫరు..." అని మొదలుపెట్టాడు.

"నోరు మూసుకోండి," అంది ఆమె. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

"ఫర్లేదమ్మా," అంది కూతురు, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూసుకోలేదు, అంతేగా."

"చూసుకోకపోవడమేంటే? నా చెయ్యి ఎప్పుడన్నా చూసుకుని కుట్టిందా? చూడకుండానే కదా ఇన్నాళ్లూ..." ఆమె కుడిచేతిని ఒళ్లోంచి దూరంగా పెట్టుకుంది, బ్యాగులో తగిలిన ఏదో వస్తువులాగా. లేచి వెళ్లి కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తిరిగొచ్చి, లోపల మడిచి వదిలిన గుడ్డలోంచే ముక్క తీసి, తెగినచోట వెనక అతుకు పెట్టి, ఆ సాయంత్రమంతా దారం మీద దారం వేసి రఫూ చేసింది. ఎంత చేసినా మచ్చ కనిపిస్తూనే ఉంది. వదులు చెయ్యడానికి ఇంక గుడ్డ మిగల్లేదు. పిల్ల బొత్తాములు పెట్టుకోకుండా దాన్నే తొడుక్కుని వెళ్లింది.

మర్నాడు ఆమె పాడు బల్ల దగ్గర కూర్చోలేదు. సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి కట్టరు అతని బల్ల మీద పెట్టింది.

"నేనింక కొయ్యనురా."

ఒరేయ్ అన్నది పదిమందిలోనే. అతను చుట్టూ చూశాడు.

"అక్కా, ఏమైంది? మేడమ్ పేరు పెట్టి మెచ్చుకుంది నిన్ను."

"అందుకే. నా చెయ్యి పాడైంది. బ్యాగులు పాడు చెయ్యమన్నావు, చేశాను. చెయ్యి నాది, అది పాడు చేసుకోమని రాసివ్వలేదు నీకు."

"మరి ఏం చేస్తావు? వేరే పని ఏముంది ఇక్కడ? ఊడ్చే పని ఒక్కటే ఖాళీ. జీతం తక్కువ. నడుం విరుగుతుంది. నీ వయసుకి..."

"చీపురెక్కడుంది?"

అతను ఇంకా ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే తలుపు వెనక వెతుకుతోంది.

పాడు బల్లకి లోటేమీ రాలేదు. ఆమె కుర్చీలో వారం తిరక్కుండా ఇంకొకామె వచ్చి కూర్చుంది. ఎప్పుడూ సూది పట్టని మనిషి. కుట్టూ గుడ్డా అన్న తేడాయే లేదు ఆమెకి, మొదటి రోజు నుంచే చక్కగా అడ్డంగా కోసేసింది. మొలక బొమ్మ బ్యాగులు కూడా రావడం మొదలయ్యాయి. వాటిని కొయ్యడానికి బలం కూడా అక్కర్లేదు. కొన్నయితే పెట్టెలోంచి తీయగానే వాటంతటవే విడిపోయి వస్తున్నాయి. వదిన వాటిని చూసి, "ఇవి చచ్చే పుట్టాయి," అని పక్కకి విసిరేసేది.

టైలరక్క బల్ల కింద నుంచి ముక్కలు ఊడ్చుకుంటూ, కాగితం ఉండలు, ప్లాస్టిక్ పీలికలు, జిప్పు పళ్లు, ఆకుపచ్చ చీటీలు పోగు చేసుకుంటూ వచ్చింది. పోగు నడుము దాకా లేచింది. వదిన కాళ్లు పైకెత్తి చోటిచ్చింది.

"కొయ్యనని అంత పంతం పట్టావు. చివరికి మేం కోసినవన్నీ నువ్వే ఎత్తుతున్నావు. ఏం తేడా వచ్చిందే నీకు?"

టైలరక్క చీపురు మీద ఆనుకుని మెల్లగా నిటారుగా నిలబడింది. వీపు మీద చెయ్యి వేసుకుని మూలిగింది.

"ఇప్పుడు నడుం ఒక్కటే నొప్పి పెడుతోంది వదినా. కాళ్లు ఇంకాస్త పైకెత్తు."